పాకం చూసినవాడు

మా ఆయన ఫోన్లో చూసి కొన్న వస్తువులు మా ఇంట్లో ఒక అటక నిండా ఉన్నాయి. బార్బెక్యూ పొయ్యి కూడా అందులో చేరాల్సిందే. అట్టపెట్టె విప్పితే మూడు కాళ్ళ పొయ్యికి రెండు కాళ్ళే వచ్చాయి. వెనక్కి పంపేద్దామన్నాను. ఆయన వినలేదు. డాబా మీదికి మోసుకెళ్ళి, మూడో కాలి చోట రెండు ఇటుకలు పేర్చాడు. ఆదివారం సాయంత్రం బార్బెక్యూ చికెన్ తనే చేస్తానని, నన్ను ఏ పనికీ చెయ్యి పెట్టొద్దని చెప్పాడు. పెళ్ళయిన ఏడేళ్ళలో ఆయన నాకిచ్చిన మొదటి సెలవు అది. కాబట్టి ఇటుకల గురించి ఇంకేమీ మాట్లాడలేదు.

ఆ ఆదివారం మా నాన్న కూడా ఇంట్లోనే ఉన్నాడు. ఆయన సంగతి ముందు చెప్పాలి. మాది మాకవరపాలెం దగ్గర పల్లెటూరు. నాన్న నెలకోసారి బీపీ మాత్రల కోసం అనకాపల్లి వస్తాడు, నా దగ్గర ఒక పూట ఉండి వెళ్తాడు. వచ్చినప్పుడు సంచిలో రెండు ఉంటాయి, అమ్మ కట్టిచ్చిన క్యారేజీ, ఒక మంచినీళ్ళ సీసా. మా వాళ్ళలో కూతురికి బిడ్డ పుట్టేదాకా కన్నవాళ్ళు ఆ ఇంట్లో తినకూడదు. నీళ్ళు కూడా ముట్టకూడదు. నాకు పిల్లల్లేరు. విశాఖపట్నంలో ఇద్దరు డాక్టర్లు చూశారు, ఇద్దరూ ఏ లోపమూ లేదన్నారు. లోపం లేకపోతే మందు కూడా ఉండదని అక్కడే తెలిసింది.

నాన్న క్యారేజీ విప్పుకునేది మా గేటు బయట మెట్టు మీద. గేటు దాటితే కూతురిల్లు కాదని ఆయన లెక్క. నెలకోసారి ఒక పెద్దాయన మా గేటు ముందు కూర్చుని అన్నం తినడం చూసి, కన్నతండ్రికి ముద్ద పెట్టని మనిషినని వీధంతా నాకు పేరు పెట్టేసింది. ఒకసారి ఎదురింటావిడ జాలిపడి గోంగూర పచ్చడి తెచ్చింది. నాన్న నిక్షేపంగా వేయించుకుని తిన్నాడు. ఎదురింటి పచ్చడి తినొచ్చు, నా పచ్చడి తినకూడదు. ఆ రోజు వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను, ఆ తర్వాత పప్పులో పోపు వేశాను.

అమ్మయితే రావడమే మానేసింది. నేను వండుతుంటే చూస్తూ కూర్చుని, తినకుండా వెళ్ళడం తన వల్ల కాదంది. ఈ ఇంట్లో నాకు ఇంకే కొరతా లేదు. వాళ్ళిద్దరూ ఒక్కసారి కూర్చుని నా చేతి అన్నం తింటే చాలనుకునేదాన్ని. పిల్లలు పుట్టకపోతే ఎప్పటికీ తినరా అని నాన్నని అడగాలని ఏడేళ్ళుగా నోటిదాకా వచ్చేది. అవునంటాడేమోనన్న భయంతో మింగేసేదాన్ని.

ఇక కోడి సంగతి. మా ఆయన మందుల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే విభాగంలో పనిచేస్తాడు. దేన్నయినా కొలిచి, రాసుకుని, సంతకం పెట్టందే నమ్మడు. అల్లం, వెల్లుల్లి, పెరుగు, కారం, ఉప్పు గ్రాముల్లో తూచి ముక్కలకి పట్టించాడు. బొగ్గులు మాత్రం తూకం లేకుండా వీధి చివర ఇస్త్రీ బండి అతని దగ్గర ఓ బస్తా తెచ్చాడు. కోడి ఎంత ఉడికిందో చూడటానికి ముక్కలోకి గుచ్చే థర్మామీటర్ ఒకటి తెప్పించాడు. సాస్ సీసా కూడా కొంటానంటే నేనే అడ్డుపడ్డాను. అనకాపల్లిలో కాపురం ఉంటూ తీపిని సీసాలో కొనుక్కుంటే నలుగురూ నవ్వుతారన్నాను. అందుకని ఈసారి నాన్న ఊళ్ళో కొని తెచ్చిన బెల్లం, చింతపండు రసం, కారం, చిటికెడు ఉప్పు కలిపి ఓ గిన్నెలో పెట్టిచ్చాను. తప్పేదైనా ఉంటే అందులో సగం నాది.

ఆయన ఆ బెల్లం పులుసుని పచ్చి ముక్కల్లో సగానికి దట్టంగా పూసి, బొగ్గులు భగ్గున మండుతుండగానే పైన పరిచాడు. చాలదన్నట్టు అట్టముక్కతో విసరడం మొదలెట్టాడు. రెండు నిమిషాల్లో పొగ. అయిదు నిమిషాల్లో బొగ్గేదో ముక్కేదో పోల్చుకోలేకపోయాం. థర్మామీటర్ గుచ్చి చూస్తే లోపల పచ్చిగానే ఉందని తేలింది. ఆయన ఆ అంకెని పుస్తకంలో రాసుకున్నాడు. అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది అని మా అమ్మమ్మ ఊరికే అనేది కాదు.

నాన్న అప్పటిదాకా డాబా మూల ప్లాస్టిక్ కుర్చీలో, పక్కన సీసా పెట్టుకుని, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నాడు. అల్లుడు చేసే పనిలో వేలు పెట్టే మనిషి కాదు. కానీ మాడిన బెల్లం వాసన ఆయనకి పడదు. ముప్పై ఏళ్ళు చెరకు గానుగా బెల్లం పొయ్యీ నడిపాడు. పెనంలో చెరకు రసం మరిగి దగ్గరపడుతుంటే ఏ క్షణాన దించాలో ఆయనే చెప్పాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే పెనమంతా పాడు. చుట్టుపక్కల పొయ్యిల వాళ్ళు కూడా చేయి తిరిగిన మనిషని పిలుచుకెళ్ళేవారు. చెరకు వేసేవాళ్ళు తగ్గిపోయి రెండేళ్ళ క్రితం పొయ్యి ఆపేశాడు. పెనం పశువుల శాలలో బోర్లించి ఉంది. అప్పట్నుంచీ ఆయన చేతులకి ఏమీ తోచడం లేదని అమ్మ అంటూ ఉంటుంది.

లేచి వచ్చి అల్లుడి చేతిలో అట్టముక్క తీసుకున్నాడు.

"మంట మీద బెల్లం మాడిపోతాది బాబూ. నిప్పుల సెగ మీదైతే ముక్కకి అంటుకుంటాది. సూడు" అన్నాడు.

మాడినవి తీసి పక్కన పడేశాడు. బొగ్గుల మీద బూడిద పట్టేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. పులుసు పూయని ముక్కలు ఇంకా సగం ఉన్నాయి. వాటిని సన్నటి సెగ మీద పరిచి, నూనె రాయిస్తూ, తిరగేస్తూ ఓ అరగంట ఓపిక పట్టాడు. మిగిలిన బెల్లం పులుసుని చిన్న మూకుట్లో పోసి ఓ మూల మరగబెట్టాడు. ముక్కలు ఉడికాక ఆఖర్న పాకం పూయాలట. మా ఆయన థర్మామీటర్ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

పాకం బుడగలు పెద్దవయ్యాక నన్ను గిన్నెతో నీళ్ళు తెమ్మన్నాడు. తెచ్చాను. గరిటె కొసతో ఒక చుక్క నీళ్ళలో వేశాడు. వేళ్ళు ముంచి దాన్ని దగ్గరికి తీసి, బొటనవేలితో నలిపి, మెత్తటి ఉండ చేసి, వెలుతురుకి ఎత్తి చూసి, నోట్లో వేసుకున్నాడు.

నాకు ముందు ఏమీ అనిపించలేదు. పుట్టినప్పట్నుంచీ చూసిన పనే. పెనం దగ్గర ఆ ఉండని ఏనాడూ పారేసేవాడు కాదు, చిన్నప్పుడు నా నోట్లోనూ పెట్టేవాడు. ఆయన చప్పరించి, గుటక వేసి, ఓ క్షణం ఆలోచించాడు.

"ఉప్పు సాల్నేదు" అన్నాడు.

అప్పుడు తెలిసింది మా ముగ్గురికీ. నా ఇంటి నీళ్ళలో ముంచిన నా ఇంటి పాకం ఆయన కడుపులో ఉంది. నాన్న తన వేళ్ళ వంక చూసుకున్నాడు. మా ఆయన చేతిలోని థర్మామీటర్ జేబులో పెట్టేసుకున్నాడు. ఈ పాపం కూతురికి చుట్టుకుంటుందని బెంగపెట్టుకుని రావడమే మానేస్తాడేమోననిపించింది. అమ్మ ఇప్పటికే మానేసింది కదా. ఇక దాచుకుని లాభం లేదు, అడిగేశాను.

"నాన్నా, నాకు పిల్లలు పుట్టకపోతే నువ్వు నా ఇంట్లో ఎప్పటికీ తినవేటి?"

ఆయన ముక్కలు తిరగేయడం మొదలెట్టాడు. ఒక్కొక్కటే, అన్నీ తిరగేశాడు. అన్నిటికీ పాకం పూశాడు. చెవి వెనక గోక్కున్నాడు.

"పాకం సూసినోడు ఆ పొయ్యి కాడ తినకుండా ఎల్లకూడదమ్మా. ఎల్తే ఆ పొయ్యి ఇంటికి మంచిది కాదు. పెద్దల కాలం నాటి ఆనవాయితీ. దీని ముందర ఇంకే ఆనవాయితీ పన్జెయ్యదు" అన్నాడు.

నేను ఆ పొయ్యి పక్కనే పెరిగాను. చెరకు పిప్పి ఎండబెట్టాను, బెల్లం దిమ్మలు లెక్కపెట్టాను. నాన్న ఎన్ని పొయ్యిల దగ్గర పాకం చూసి, ఆకలితో నకనకలాడుతూ ఇంటికొచ్చి, అన్నం ఇంకా అవ్వలేదా అని అమ్మ మీద ఎగిరాడో నాకు తెలుసు. అలాంటి ఆనవాయితీ ఒకటుందని ఏనాడూ వినలేదు. పైగా అబద్ధం చెప్పేటప్పుడు మా నాన్న చెవి వెనక గోక్కుంటాడు.

పళ్ళెం తెస్తానని కిందికెళ్ళాను. మెట్ల మీద కాసేపు కూర్చోవాల్సొచ్చింది, కళ్ళకి ఏమీ కనబడక. పొగ వల్ల కాదు.

డాబా మీద చాప వేసి ముగ్గురం కూర్చున్నాం. పాకం ముక్కకి ఎర్రగా, పలచగా అంటుకుని మెరుస్తోంది. నాన్న కాలు ముక్క ఒకటి, రొమ్ము ముక్క ఒకటి తిన్నాడు. ఉప్పు చాల్లేదని రెండుసార్లూ చెప్పాడు. ఉప్పు గ్రాముల్లో తూచిన మా ఆయన రెండుసార్లూ తల వంచుకున్నాడు. అయ్యాక నాన్న లేచి, ఊరి నుంచి తెచ్చుకున్న సీసా మూత తీసి, ఉన్న నీళ్ళన్నీ నిప్పుల మీద పోసి ఆర్పేశాడు. ఖాళీ సీసా సంచిలో పెట్టుకున్నాడు.

"అమ్మా, మంచినీళ్ళియ్యి" అన్నాడు.

ఇచ్చాను. గ్లాసెడు నీళ్ళు గటగటా తాగి, గ్లాసు మళ్ళీ చాపాడు.

ఆయన్ని బస్సెక్కించి వచ్చాక అమ్మకి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. పాకం చూసినవాడు తినకుండా వెళ్ళకూడదన్న ఆనవాయితీ నిజంగా ఉందా అని అడిగాను. అటునుంచి ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"ఎందుకు నేదు, ఉంది" అంది అమ్మ. "పాకం సూసినోడి పెళ్ళానికీ అదే ఆనవాయితీ. వచ్చే ఆదోరం నేనూ వత్తన్నాను. ఉప్పు సరిగ్గా ఎయ్యమని సెప్పు."