పెద్దమ్మ రేడియోలో పాడిన రోజు

నా చిన్నప్పుడు, కుందుర్పి పక్కన మా ఊర్లో, విత్తనానికి శనక్కాయలు ఒలిచే కాలం వచ్చిందంటే ఆడోళ్లంతా మా పెద్దమ్మ చుట్టూ చేరేవాళ్లు. ఆమెకు ఓనమాలు రావు, పాటలు మాత్రం సొంతంగా కట్టేది. వాన మొహం చాటేసిన ఏండ్ల మీద, పసుల్ని అమ్ముకున్నోళ్ల మీద ఆమె పాడితే ఆడోళ్లు కాయలు ఒలుస్తానే కండ్లు తుడుచుకునేవాళ్లు. ఆమె ఒక చరణం ఎత్తుకుంటే పక్కనోళ్లు అందుకోవాలి. ఆ పాటల తీరే అంత.

ఎవరో చెప్పగా రేడియోవాళ్లు ఆమెను పరీక్షకు పిలిచినారు. మా పెద్దనాయనకు ఈ పాటలంటే గిట్టదు. "ఈ ఒక్కతూరి పో. వాళ్లు వద్దంటే మళ్లా నువ్వు పాటకు నోరు తెరిచేది లేదు, చెప్తాండా," అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి. ఎప్పుడూ ఆమె పక్కన పాట అందుకునే మా అమ్మేమో ఆ రోజు జ్వరంతో లేవలేకపోయింది. పాటలన్నీ నోటికి వచ్చు గదా అని తొమ్మిదేండ్ల నన్ను బస్సెక్కించింది పెద్దమ్మ. దారి పొడవునా నేను కోసిన గొప్పలు అన్నీ ఇన్నీ కావు.

ఆ గది తలుపు మూసేసరికి గొప్పలన్నీ గాలికి పోయినాయి. అద్దం అవతల ఒక సారు కూర్చున్నాడు. ఎర్ర దీపం వెలిగింది, పెద్దమ్మ ఎత్తుకుంది. నేను నోరు తెరిచినాను గానీ గొంతు పెగల్లేదు. ఇంకోసారి దీపం వేసినారు. మళ్లా అంతే. సారు లోపలికొచ్చి, "పాపను బయట కూర్చోబెట్టమ్మా. ఒక్కదానివే పాడు. ఇదే ఆఖరు," అన్నాడు. సిగ్గుతో చచ్చిపోతే బాగుండనిపించింది. తలుపు వైపు నడిచినాను.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అది యాడికీ పోదు సార్. ఇది ఇద్దరం పాడే పాట," అంది. సారు వద్దన్నాడంటే ఆమె పాట ఆ పొద్దుతో సరి. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. సారు గడియారం చూసుకుని, అద్దం అవతలికి పోయి కూర్చున్నాడు.

పెద్దమ్మ కింద కూర్చుని నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. మైకు కిందికి దించినారు. "అద్దం చూడొద్దమ్మీ. కాయలు ఒలువు," అంది. కాయలు యాడున్నాయి? ఆమె ఉత్త చేతులతోనే ఒలవబట్టింది. నేనూ ఒలిచినాను. రెండో కాయకో మూడో కాయకో నా గొంతు దానంతటదే వచ్చింది.

ఆ పాట రేడియోలో వచ్చింది, తర్వాత ఇంకొన్ని వచ్చినాయి. పెద్దనాయన మళ్లా ఆమె పాటకు అడ్డం రాలేదు. అయినా ఇప్పుడు మా ఊర్లోనే సగం మందికి ఆమె పేరు తెలీదు. తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

తర్వాత నేను బడిపంతులమ్మనైనాను. నా కోపమేం తక్కువది కాదు. పాఠం అప్పజెప్పలేక నిలబడిపోయిన పిల్లను "బయటికి పో" అనబోయిన రోజులు ఎన్నో. అన్నది మాత్రం ఒక్కసారీ లేదు. పోయి ఆ పిల్ల పక్కన కూర్చునేదాన్ని.