చాచా సంతకం

మా ఫోర్‌మన్ చాచా ఇక లేరని గగన్‌పహాడ్ ఫ్యాక్టరీ నుంచి పోయిన శుక్రవారం ఫోన్ వచ్చింది. సోమవారం సంతాప సభలో ఆయన లోటు తీరనిదన్న మా ప్రిన్సిపల్, వేదిక దిగుతూనే నాతో, "ఇక పిల్లలను ఫ్యాక్టరీకి తీసుకెళ్లడం ఎందుకు మేడమ్? వీడియోలు చూపిస్తే సరిపోతుంది కదా," అన్నారు. పుండు మీద కారం చల్లినట్టయింది.

మా ఇంజనీరింగ్ కాలేజీకీ ఆ ఫ్యాక్టరీకీ ఒప్పందం ఉంది. అక్కడ తయారయ్యే ఏ భాగం ఎంత బరువుకు ఎక్కడ విరుగుతుందో మా పిల్లలు కంప్యూటర్‌లో ముందే లెక్కగట్టి చూస్తారు. దాన్నే సిమ్యులేషన్ అంటాం. ఆ శిక్షణ సర్టిఫికెట్ మీద ప్రొఫెసర్ సంతకంతో పాటు చాచా సంతకమూ ఉండాలి. ఆయన చదివింది పదో తరగతి.

ఇదే కాలేజీలో నేను చదువుకునే రోజుల్లో నా వంతుకు వచ్చింది విమానాశ్రయంలో సామాను బండ్లను లాగే కొక్కెం. వంపు దగ్గర విరుగుతుందని తేల్చాను. ప్రొఫెసర్ మెచ్చుకుని సంతకం పెట్టేశారు. చాచా కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, నా రంగురంగుల కాగితం చూసి, విరిగిన కొక్కెం ఒకటి నా చేతిలో పెట్టారు. అది బోల్టు రంధ్రం దగ్గర విరిగింది.

"నీ కంప్యూటర్ల బోల్టు కదులుతదా బేటీ?"

"లేదు చాచా, గట్టిగ బిగించినట్టే లెక్కవెట్టిన."

"బండి రోజంత దడదడ ఉరుకుతది. బోల్టు జర వదులైతది. ముందు బండి ఎనక నడిచి సూడు పో."

పదో తరగతి మనిషి నన్ను ఆపడమేమిటని ప్రొఫెసర్‌కు ఫిర్యాదు చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. చివరికి వారం రోజులు ఫ్యాక్టరీ ఆవరణలో బండ్ల వెనక నడిచాను, గ్రీజు చేతులతో బోల్టులు విప్పాను. మళ్లీ లెక్కగడితే విరిగే చోటును చూపే ఎరుపు రంగు తెర మీద బోల్టు రంధ్రం దగ్గరికి వచ్చింది. చాచా నాకు టీ తెప్పించి సంతకం పెట్టారు.

"కంప్యూటర్ అబద్ధమాడది బేటీ. నువ్వేం చెప్తే గదే మల్ల చెప్తది," అనేవారు.

ఇప్పుడు ప్రొఫెసర్ సంతకం నాది. ఫ్యాక్టరీ సంతకం లేని సర్టిఫికెట్ మీద అది పడదని ప్రిన్సిపల్‌కు రాసిచ్చాను. చాచా స్థానంలో ఎవరు పెడతారని అడిగారు. ఆయన చేతికింద పని నేర్చుకున్న ఫిట్టర్ పెడతాడు. అతనికి డిగ్రీ లేదంటే, చాచాకూ లేదు. ఉద్యోగం తీసేస్తే తీసేయనీ.

నిన్న శనివారం పిల్లలను బస్సెక్కించి గగన్‌పహాడ్ తీసుకెళ్లాను. చాచా బల్ల మీది ఆ విరిగిన కొక్కెం అందరి చేతులూ మారింది. బస్సు హారన్ కొట్టినా ఒకమ్మాయి దాన్ని తిరిగివ్వలేదు. విరిగిన అంచును బొటనవేలితో తడుముతూ అక్కడే నిలబడింది.