నల్లా నీళ్లు, మూడు కాళ్ల ట్రాన్సిస్టర్

మా చిన్నప్పుడు అమ్మ మధ్యాహ్నాలన్నీ నల్లా దగ్గరే గడిచిపోయేవి... మరాఠీ నేల మీది దుర్గాపూర్ బొగ్గు గని క్వార్టర్లలో నీళ్లు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. అవి పట్టకపోతే, ఒళ్లంతా బొగ్గు నుసితో ఇంటికొచ్చే నాన్నకు స్నానం లేదు.

అమ్మకేమో ఎదురింటి మరాఠీ పిన్ని, మేమంతా కాకూ అని పిలిచే ఆవిడ దగ్గర కుట్టుపని నేర్చుకోవాలని ఆశ. మధ్యలో ఒక్క సందే... అయినా నల్లా వదిలి కదలలేకపోయేది. నాకు ఒళ్లు మండింది. అమ్మను కాకూ కుట్టు మిషన్ ముందు కూర్చోబెట్టాల్సిందే అనుకున్నాను.

బళ్లో సార్ అప్పుడే ట్రాన్సిస్టర్ పాఠం చెప్పారు. మూడు కాళ్లు... ఎమిటర్, బేస్, కలెక్టర్. బేస్‌లోకి కాస్తంత కరెంటు పోతే చాలు, కలెక్టర్ నుంచి ఎమిటర్‌కు దానికి ఎన్నో రెట్లు పారుతుంది.

నాన్నకు చెబితే నవ్వాడు. "గిదేంది, మా గనిల గంట అసుంటిదే గదా! తాడు జర గుంజితే చాలు, గంట మోగుతది, ఇంజను బొగ్గు టబ్బులన్నిటిని గుంజుకొస్తది."

నల్లా కింది బకెట్లో రెండు తీగలు వేలాడదీసి, సందు దాటించి కాకూ కిటికీ దాకా లాగాను. అక్కడ ట్రాన్సిస్టర్, బ్యాటరీ, బజర్. నీళ్లు తీగలను తాకితే బేస్‌కు కొంచెం కరెంటు... బజర్ మోత! తీగలు ఒకదానికొకటి తగిలి మొదటి ట్రాన్సిస్టర్ కాలిపోయింది. రెండోదానికి కరెంటు మితిమీరకుండా రెసిస్టర్ అడ్డం పెట్టాను.

అమ్మ కుట్టుకు కూర్చున్న మొదటి రోజే బజర్ మోగింది. అమ్మతో పాటు క్వార్టర్ల లైనంతా బిందెలతో ఉరికింది... నల్లాలో చుక్క లేదు! అందరూ నన్ను చూసి ఒకటే నవ్వు.

"నాకొద్దు బిడ్డా ఈ కుట్టుడు. నల్లాకాడనే కూసుంట," అంది అమ్మ.

"ఇంకొక్కపారి చూడే అమ్మా!" అని బతిమాలి, విప్పి చూశాను. వానాకాలం చెమ్మ, దానిమీద బొగ్గు నుసి... ఆ నల్లటి తడి ట్రాన్సిస్టర్ కాళ్ల మధ్య పేరుకుని, నీళ్లు రాకుండానే బేస్‌కు కరెంటు పంపింది. మా దగ్గర నుసి పడని వస్తువుంటుందా! కడిగి, ఆరబెట్టి, సబ్బు పెట్టెలో పెట్టి, అంచులకు మైనం పోశాను.

మర్నాడు మళ్లీ మోగింది. అమ్మ లేవలేదు. "నువ్వే పోయి చూడు పో..." అంది. ఉరికాను. బకెట్ నిండుతోంది!

"అమ్మా... వచ్చినయే!" అని సందంతా వినబడేలా అరిచాను.

అమ్మ కుట్టిన మొదటి వస్తువు జాకెట్టు కాదు... నుసి పడకుండా నా సబ్బు పెట్టెకు గుడ్డ ముక్కల సంచి.

ఇప్పుడు ట్యాంకు నిండితే మోటారు దానంతటదే ఆగిపోతుంది. ఎవరూ ఉరకరు, ఎవరూ నవ్వరు. ఆ సంచి మాత్రం నా దగ్గరే ఉంది, వంకరటింకర కుట్లతో... మీ అమ్మ కోసం మీరు పంతం పట్టి చేసిందేమిటి? చెప్పండి, వినాలని ఉంది.