ఉక్కు తీగలు

పుదుచ్చేరిలో ఫ్రెంచి జెండా దిగి భారత జెండా ఎగిరిన కొద్ది రోజులకే మా సంగీత పాఠశాలలో పియానో నేర్పే ఆయన, వయొలిన్ నేర్పే భార్యాభర్తలు ఓడెక్కి వెళ్ళిపోయారు. గిటారు నేర్పే మా టీచరమ్మ మాత్రం ఇంకొంత కాలం ఉంది. ఆవిడ తండ్రి ఫ్రెంచివాడు, తల్లి పుదుచ్చేరి మనిషి. మా నాన్న బట్టల కొట్టుకు గౌను గుడ్డలకోసం వచ్చేది. కొట్లో కూర్చున్న నా వేళ్ళు పట్టుకుని చూసి, చిన్నప్పుడే నన్ను తన క్లాసులో చేర్చుకుంది.

వెళ్ళేముందు ఆ క్లాసు నాకే అప్పగించింది. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. గోడకు వేలాడుతున్న గిటార్లను చూపించి, "పిల్లల్నీ వీటినీ నీ చేతుల్లో పెడుతున్నాను" అంది ఫ్రెంచిలో. వాటిలో ఒకటి ఆవిడ సొంతది. ఓడ ప్రయాణంలో తేమకు పాడవుతుందని దాన్ని కూడా పాఠశాలకే ఇచ్చేసింది. ఇక్కడైతే పదిలంగా ఉంటుందనుకుంది పాపం.

పాఠశాల ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఊళ్ళోవాళ్ళు కొందరు సంఘంగా ఏర్పడి నడుపుకునేవారు. సముద్రానికి దగ్గరలో ఒక పాత ఇంటి మేడమీద హాలు. గాలి మళ్ళితే కురుచికుప్పంలో ఎండబెట్టిన చేపల వాసన కిటికీల్లోంచి వచ్చేది. గుమాస్తాల పిల్లలు, కొట్లవాళ్ళ పిల్లలు సాయంత్రాలు వచ్చేవారు. ఎడమకాలు చిన్న పీటమీద పెట్టి, గిటారును తొడమీద నిలబెట్టి, మధ్యవేలు ఎక్కడ, ఉంగరంవేలు ఎక్కడ అని ఒక్కొక్కరి దగ్గరా వంగి చూపించేదాన్ని. ఆ కొద్దికాలం నేను సుఖంగా బతికాననే చెప్పాలి.

పాత సభ్యులు ఒక్కొక్కరూ ఫ్రాన్సుకు పోయాక సంఘం ఆఫీసర్ల చేతుల్లోకి వచ్చింది. ఆంధ్రా నుంచి బదిలీ మీద వచ్చిన ఒక పెద్ద ఆఫీసరును కార్యదర్శిగా ఎన్నుకున్నారు. ఆ వార్త వినగానే మా నాన్న పొంగిపోయాడు.

"మనోడొచ్చినాడు పాపా! తెలుగాయన. ఇంక మనకేంది బయం?"

మా వాళ్ళు ఈ ఊరొచ్చి మూడు తరాలైంది. ఇంట్లో తెలుగే గాని, సగానికి సగం తమిళం కలిసిన తెలుగు. నేను చదివింది ఫ్రెంచి బడిలో. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అయినా నాన్న మాట నమ్మి, చీర మార్చుకుని, ఆయన ఆఫీసుకు వెళ్ళి నమస్కారం పెట్టాను.

"సార్, ఇల్లు యాడ చూసుకున్నారు? నెల్లితోపులో అయితే మాకు దగ్గిర" అన్నాను.

ఆయన గదిలో ఉన్న మిగతావాళ్ళ వైపు తిరిగాడు. "యాడ! విన్నారా? ఏమ్మా, ఇది తెలుగా, అరవమా?" అని బల్లమీది తెలుగు వారపత్రిక నా ముందుకు తోశాడు. "ఏదీ, చదువు చూద్దాం."

"నాకు అక్షరాలు రావు సార్."

"సరిపోయింది!"

అందరూ నవ్వారు. తెలుగు తెలియని తమిళ బంట్రోతు కూడా నవ్వాడు. ఇంటికొచ్చి నాన్నకు ఏమీ చెప్పలేదు. వారం తిరక్కుండా పెద్దబాలశిక్ష తెప్పించుకుని, తలుపు వేసుకుని దిద్దడం మొదలుపెట్టాను. భాషమీద ప్రేమతో కాదు, ఒళ్ళు మండి. ఇప్పుడు రాస్తున్నది ఆ మంటలో నేర్చుకున్న అక్షరాలతోనే.

కొన్నాళ్ళకు ఆయన తన కూతుర్ని తెచ్చి నా క్లాసులో వదిలాడు. పదకొండేళ్ళుంటాయేమో. ఆ పిల్లమీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. వారం కూడా నిలవలేదు నా కోపం. అంత మంచి చెవి ఉన్న పిల్ల నా దగ్గరికి అంతకుముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. తప్పు స్వరం పడితే నేను చెప్పకముందే మొహం చిట్లించేది.

మా వాయిద్యానికి కుడిచేతి గోళ్ళు కొంచెం పెరగాలి. తీగను మీటేది వాటితోనే. ఆ ఇంట్లో నాయనమ్మకు గోళ్ళు పెరిగితే అసహ్యం. తలంటు పోసినప్పుడల్లా పిల్లను కూర్చోబెట్టి మొదలంటా కత్తిరించేది. సోమవారం పిల్ల చేతులు వెనక్కి దాచుకుని వచ్చేది.

"మళ్ళీ కత్తిరించేసిందండీ టీచరుగారూ."

"ఏడవబాక. వేలి కొసతో వాయించు. మెత్తగా ఉంటాది, అంతే" అనేదాన్ని.

అలాగే వాయించింది. వాళ్ళమ్మ ఒకసారి వచ్చి చూసి, ఆడపిల్ల కాలు పీటమీద ఎత్తిపెట్టి కూర్చోవడం బాగాలేదంది. పిల్ల పరికిణీ కుచ్చిళ్ళు పాదాలదాకా సర్ది, ఇలా అయితే ఏం తప్పమ్మా అని బతిమాలాను. ఎందుకు బతిమాలానంటే, నా తర్వాత ఈ క్లాసు ఈ పిల్లదే అని మనసులో అప్పటికే రాసేసుకున్నాను.

ఇంతలో తీగలకు కరువొచ్చింది. మా గిటార్లకు వేసేవి నైలాన్ తీగలు. ఫ్రెంచివాళ్ళున్నన్నాళ్ళూ ఓడలో వచ్చేవి. ఇప్పుడు టీచరమ్మ పంపిన పొట్లం కూడా కస్టమ్స్‌లో చిక్కుకుపోయింది. ఒక్క మాట చెప్పి విడిపించమని కార్యదర్శిని అడిగాను.

"గిటారు తీగలకోసం నేను కస్టమ్స్‌వాళ్ళ కాళ్ళు పట్టుకోవాలా?" అన్నాడు. ఆ తర్వాత మద్రాసు వెళ్ళొచ్చి, ఒక పెట్టెనిండా ఉక్కు తీగలు తెచ్చి బల్లమీద పెట్టాడు.

"ఇవి వేస్తే తట్టుకోవు సార్. ఈ గిటార్ల చెక్క పల్చన. ఉక్కు తీగ లాగితే బ్రిడ్జి ఊడి వచ్చేస్తాది" అన్నాను. బ్రిడ్జి అంటే తీగలు కట్టే కింది పట్టీ. చెక్కమీద జిగురుతో అతికిస్తారు, మేకు ఉండదు. వేలితో చూపించాను కూడా.

"తీగ తీగే కదమ్మా. పైగా గట్టిగా మోగుతాయి."

తీగలతోపాటు మద్రాసు నుంచి ఒక మాస్టారు కూడా వచ్చాడు. హవాయిన్ గిటారు వాయిస్తాడు. గిటారును ఒళ్ళో పడుకోబెట్టి, వేళ్ళకు తొడుగులు పెట్టుకుని, తీగలమీద ఇనుప కడ్డీ జార్చుతూ సినిమా పాటలు పలికిస్తాడు. ఊరు ఊరంతా ఆ జారుడుకు పడిపోయింది. ఆయన చెడ్డవాడు కాదు. దానికి వేరే గిటార్లు కొనాలని ఆయనే చెప్పాడు. ఉన్నవి ఉండగా కొత్తవెందుకని కార్యదర్శి కొట్టిపారేశాడు.

కడలూరులో మా పిన్ని పోతే కర్మలదాకా అక్కడే ఉండిపోయాను. తిరిగొచ్చి హాలు తలుపు తోసేసరికి గోడమీది గిటార్లన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. అన్నిటికీ ఉక్కు తీగలే. టీచరమ్మ గిటారు గోడమీద లేదు. కింద చాపమీద ఉంది. బ్రిడ్జి ఊడి తీగలకు వేలాడుతోంది. దానితోపాటు ముందుచెక్క పొర కూడా లేచిపోయి లోపలి బద్దలు కనిపిస్తున్నాయి.

పిల్ల కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"నాన్నగారు బిగించమన్నారండీ. చివరి తీగ బిగిస్తుంటే టప్పుమంది."

"నేను చెప్పినానని చెప్పలేదా నువ్వు?"

"చెప్పానండీ. మీకు తెలుగే సరిగ్గా రాదు, చెక్క సంగతేం తెలుసన్నారు."

ఆ పిల్ల అబద్ధమాడలేదు. ఆడి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

పగిలిన గిటారైనా ఇవ్వమని సంఘాన్ని అడిగాను. సంఘం ఆస్తి, ఇవ్వకూడదన్నారు. మెట్లకింద గదిలో విరిగిన కుర్చీలతోపాటు పడేశారు. తర్వాత చెదలు పట్టిందని విన్నాను.

ఊరు అప్పగించే ఒప్పందం ఫ్రెంచివాళ్ళతో పూర్తిగా ఖాయమైనప్పుడు ఊళ్ళో వేడుకలు జరిగాయి. మా హాలులోనూ ఒక సభ పెట్టారు. కార్యదర్శి మైకు ముందు నిలబడి, "ఇన్నాళ్ళూ పరాయి పాటలు మోగిన ఈ హాలు ఇవాళ మనదైంది" అన్నాడు. వెంటనే ఆయన కూతురు వేదికెక్కి, హవాయిన్ గిటారు ఒళ్ళో పెట్టుకుని ఒక సినిమా పాట వాయించింది. బాగానే వాయించింది. చప్పట్లు ఆగలేదు. హవాయి ఎక్కడుందని ఆయన్ని ఎవరూ అడగలేదు. వెనక వరసలో కూర్చున్న నేనూ అడగలేదు.

ఆ మరుసటి నెలనుంచి నా క్లాసు లేదు. కావాలంటే చిన్నపిల్లలకు సరిగమలు చెప్పమన్నారు. నాకు కర్ణాటక సంగీతం రాదని వాళ్ళకు తెలుసు.

ఏడాది తిరక్కుండానే కార్యదర్శికి మళ్ళీ బదిలీ అయింది. వెళ్ళేముందు తల్లీకూతుళ్ళు మా ఇంటికి వచ్చారు. తల్లి నా చేతిలో పళ్ళూ జాకెట్టు గుడ్డా పెట్టి, "ఆ ఊళ్ళో వీణలో చేర్పిస్తామండి. పద్ధతిగా మఠం వేసుక్కూర్చోవచ్చు" అంది.

పిల్ల గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ ఆగి, "టీచరుగారూ, మీరు నేర్పిన గిటారు పాటలో చివరి భాగం నాకింకా రాదండీ" అంది.

"ఇంకేంది లే పాపా, పోయిరా" అన్నాను.

ఆఫీసరు పోగానే మద్రాసు మాస్టారు కూడా పోయాడు. పిల్లలు మానేశారు. హాలులో కొన్నాళ్ళు ఎన్నికల పెట్టెలు పెట్టారు, తర్వాత అద్దెకిచ్చారు. నేను ఒక బడిలో ఫ్రెంచి చెప్పుకుంటూ బతికాను. ఇంటిదగ్గర గిటారు నేర్చుకుంటామని అడపాదడపా ఎవరో వచ్చేవారు. సినిమా పాట ఎన్నాళ్ళకు వస్తుందని అడిగేవారు. చెప్పగానే వెళ్ళిపోయేవారు.

మొన్నామధ్య ఆ సంఘం పేరుతోనే కొత్తవాళ్ళెవరో వచ్చారు. పాఠశాల పాత రోజుల గురించి సభ పెడుతున్నారట. నాకు శాలువా కప్పుతారట. తెలుగు ఆవిడ ఒకరు ఫ్రెంచివాళ్ళ కాలంనుంచీ గిటారు నేర్పిందంటే అది మన జాతికే గర్వకారణం అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

రానన్నాను.

"ఎందుకండీ? ఒంట్లో బాగాలేదా? కారు పంపిస్తాం."

"ఒంట్లో బాగానే ఉంది" అన్నాను. కాఫీ ఇచ్చి, వాళ్ళు తాగేదాకా కూర్చుని, తలుపు దాకా వచ్చి సాగనంపాను.