బతికున్న మావయ్యకు వేసిన దండ

మొన్న మా కొత్త వెబ్ సిరీస్ కథాచర్చలో, మూడో భాగంలో తాతగారి పాత్రను చంపేసి గోడ మీద ఫొటోకి దండ వేసి చూపిస్తే సరిపోతుందని కుర్ర రచయితలు తేల్చేశారు. చంపుకుంటే చంపుకోండి గానీ దండ మాత్రం వద్దన్నాను. సెంటిమెంటా మేడమ్ అని నవ్వారు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను కానీ, బెంజి సర్కిల్ దాటి ఇల్లు చేరేదాకా మా అత్తయ్యే కళ్ల ముందు మెదిలింది. ఆ పిల్లలకు చెప్పినా అర్థం కాదు. నా ఈడు వాళ్లు మీరు, మీతోనైనా చెప్పుకుంటాను.

సాయంత్రం ఏడయ్యేసరికి వీధి వీధంతా ఒకే సీరియల్ పాట వినబడే రోజులవి. రాసేదాన్నీ నేనే, నిర్మాతనూ నేనే, ఆర్టిస్టుకు జలుబు చేస్తే కషాయం కాచి ఇచ్చేదాన్నీ నేనే. సెట్లు వేసే స్తోమత లేక, కూచిపూడి దగ్గర పల్లెలో ఉన్న మా మేనమామ ఇంటినే లొకేషన్ చేసేశాను. చిన్నప్పుడే అమ్మ పోతే మావయ్యా అత్తయ్యా నన్ను పెంచింది ఆ ఇంట్లోనే. కుర్రతనంలో పద్యనాటకాలాడిన మావయ్యకు సీరియల్లో ఇంటి పెద్ద పాత్ర ఇస్తే, నెల తిరక్కుండానే బందరు బస్సులో కండక్టరు ఆయన్ని టిక్కెట్ అడగడానికి మొహమాటపడేంత పేరొచ్చింది.

అయితే మావయ్య ముందు రైతు, తర్వాతే నటుడు. కాలవకు నీళ్లు వదిలారని తెలిసిన రోజే మేకప్ తుడిచేసుకుని, "నాట్లయ్యేదాకా నన్ను పిలవొద్దమ్మా, నీ సీరియల్ ఆగుద్దేమో గానీ నారు ఆగదు" అని పొలానికి వెళ్లిపోయాడు. మాకేమో రోజుకో ఎపిసోడ్ పంపాలి. ఆర్టిస్టు రాకపోతే మా వృత్తిలో ఒకటే మందు, పాత్రకు గుండెపోటు, ఫొటోకు దండ. ఫొటో కావాలని అడిగితే అత్తయ్య, పేపర్లో వేస్తారనుకుని, తామిద్దరూ స్టూడియోలో తీయించుకున్న ఒకే ఒక్క ఫొటోను మేకు నుంచి దించి, చెంగుతో తుడిచి మరీ ఇచ్చింది. ఎందుకో నేను చెప్పలేదు. చెబితే ఇవ్వదని తెలిసే చెప్పలేదు. అందులోంచి అత్తయ్యను తప్పించి, మావయ్యను మాత్రం పెద్దది చేయించి, కుంకుమబొట్టు పెట్టి, వన్ టౌన్‌లో కొన్న గంధపు దండ వేసి, విజయవాడలో మా ఆఫీసు గోడ మీదే షాట్ తీసేశాను.

ఆ ఎపిసోడ్ వచ్చిన సాయంత్రం అత్తయ్య ఇంట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా చేరి చూస్తున్నారట. దండ కనబడగానే పక్కింటావిడ నోరు జారి అయ్యో పాపం అన్నదట, అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న మావయ్య పగలబడి నవ్వాడట. అత్తయ్య లేచి టీవీ కట్టేసి, దేవుడి గదిలోకి వెళ్లి తలుపేసుకుందట.

మర్నాడే పరుగెత్తాను. అత్తయ్య తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "రండి, కూర్చోండి. భోంచేసి వెళుదురు గాని" అంది. గోంగూర పచ్చడి వడ్డించింది, నెయ్యి వేసింది, ఎప్పటిలా ఎదురుగా మాత్రం కూర్చోలేదు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఏమే అని తప్ప పిలవని మనిషి నన్ను మీరు అంటుంటే కంచం వదిలి లేచాను. కాళ్లు పట్టుకున్నాను. నాటకాల్లో మావయ్య ఎన్నిసార్లు చావలేదు అని వాదించాను కూడా.

"నాటకంలో వేషం చచ్చిపోద్దండీ. తెర దించాక రంగు కడుక్కుని ఇంటికొచ్చి అన్నం పెట్టమనేవారు. ఫొటోలో వేషమేదండీ? అది ఆయనే కదా" అంది.

అప్పటికే మూడు సీరియళ్లు రాశానని విర్రవీగేదాన్ని, ఆ ఒక్క మాటతో వాదన మానేసి వచ్చేశాను. అమ్మను రెండోసారి పోగొట్టుకుంటున్నానని భయం వేసింది.

విజయవాడ వచ్చి కథను వెనక్కి తిప్పాను. చనిపోయింది ఆయన కాదు, చిన్నప్పుడు తప్పిపోయిన కవల తమ్ముడని రాశాను. నవ్వకండి, అప్పట్లో మీరంతా నమ్మారు. ఛానల్ వాళ్లు జనం నవ్వుతారన్నారు. అలాగైతే సీరియల్ ఇక్కడితో ఆపేస్తానన్నాను, నిజంగానే ఆపేసేదాన్ని. నాట్లు పూర్తయ్యాక, ఆయన గుమ్మంలో అడుగుపెట్టే సన్నివేశం ఆ ఇంట్లోనే పెట్టుకున్నాం. ఆ దండ ఫొటోను గోడకు తగిలించాం, ఆయన్ని చూసి తెర మీది భార్య దండ తీసేయాలి. మేం లైట్లు సర్దుకునేలోగా అత్తయ్య వంటింట్లోంచి వచ్చి, ఎవర్నీ ఏమీ అడక్కుండా స్టూలెక్కి, ఆ దండ లాగేసి, బొట్టును చెంగుతో తుడిచి, దండను తీసుకెళ్లి ఇంటి ముందు కాలవలో విసిరేసింది. ఇంకోటి తెప్పిస్తానన్న మా మేనేజరు ఆవిడ చూపుకు నోరు మూసుకున్నాడు. దండ లేకుండానే తీశాం. నిన్నటిదాకా ఉన్న దండ ఏమైందని ప్రేక్షకులు ఉత్తరాలు రాస్తే ఒక్కదానికీ జవాబివ్వలేదు.

ఆ రోజు సామాన్లు సర్దుకుంటుంటే వెనక నుంచి అత్తయ్య గొంతు వినబడింది. "ఏమే, పొద్దుట్నుంచీ ఏవన్నా తిన్నావా?" అక్కడే, యూనిట్ అందరి ముందూ, చంటిపిల్లలా ఏడ్చేశాను.

ఇప్పుడైతే ఫొటో కావాలంటే కంప్యూటరే తయారు చేసిస్తుంది, దండ కూడా అదే వేస్తుంది, ఎవరింటి గోడ మీదదీ దించనక్కర్లేదు. పని సులువైంది, కాదనను. మావయ్యా అత్తయ్యా పోయి చాలా ఏళ్లయింది. ఆఫీసులో, ఛానళ్లలో, షూటింగ్ భోజనాల దగ్గర అందరూ నన్ను మేడమ్ గారూ రండి, కూర్చోండి, తినండి అంటారు. గౌరవం కొద్దీ అంటారని తెలుసు. అయినా ఆ మాట వినబడ్డప్పుడల్లా, ఇంతమందికీ నేనేం తప్పు చేశానా అని గుండె గతుక్కుమంటుంది.