నవ్వనివాళ్ళు కప్పులు కడగాలి

నిమ్మకాయ వాసన వేసే గిన్నెల సబ్బుని నేను మా ఇంట్లోకి రానివ్వను. ఇక్కడ షామ్‌బర్గ్‌లో మా వీధి చివరి దుకాణంలో అదే చవక, అదే కంటికి ఎదురుగా పెట్టి ఉంటుంది. మా ఆయన తెలియక ఓసారి తెస్తే మూత కూడా తీయకుండా పక్కింటావిడకి ఇచ్చేశాను. ఆ పసుప్పచ్చ సబ్బు, దాని అడుగున చల్లారిపోయిన అల్లం టీ, కప్పుకి అంటుకుని నానిన బిస్కట్ ముక్క, ఈ మూడూ కలిసిన వాసన ముక్కుకి తగిలితే చాలు, నేను న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో మేం అద్దెకున్న అపార్ట్‌మెంట్ వంటగదిలో, సింకు అంచు అందని పిల్లనైపోతాను. అక్కడే నాకు ఒళ్ళు మండడం కూడా మొదలవుతుంది.

ఆ కాంప్లెక్స్‌లో ఇటుకరంగు భవనాలన్నీ ఒక్కలాగే ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్ళు తమ ఇల్లనుకుని ఇంకెవరి తలుపో కొట్టడం, ఆ తలుపూ తెలుగువాళ్ళే తీయడం, లోపలికి వెళ్ళి టీ తాగి రావడం మామూలు. చలికాలం పార్కింగ్ స్థలంలో మంచుని గుట్టలుగా తోసేవారు, అది బూడిదరంగుకి తిరిగి గట్టిపడ్డాక మేము వంటింట్లోంచి ట్రేలు ఎత్తుకొచ్చి దాని మీద నుంచి జారేవాళ్ళం. దసరాకి గారెలు వేసినా, వాన పడిందని మిరపకాయ బజ్జీలు వేసినా పొగ అలారం కూసేది, ఒక ఆంటీ కుర్చీ ఎక్కి దానికి తువ్వాలుతో విసురుతూ ఉంటే ఇంకో ఆంటీ వాయ తీసేది. ఉగాదికి వేపపువ్వు దొరక్క అమ్మ మెంతులు వేయించి పొడికొట్టి పచ్చట్లో కలిపేది, చేదు చేదే కదా అనేది. డిష్‌వాషర్ ప్రతి ఇంట్లోనూ ఉండేది, ఏ ఇంట్లోనూ నడిచేది కాదు, అందరికీ అది గిన్నెలు ఆరబెట్టుకునే అలమరా. ఎవరింటికి జనం వచ్చినా వాళ్ళ కోట్లన్నీ పడగ్గదిలో మంచం మీద కుప్పపోసేవారు. మా పై వాటాలో ఉండే ప్రభాకర్ అంకుల్ కూతురు సింధూ, నేనూ ఆ కుప్ప కింద దూరి కళ్ళు మూసుకుని, వాసన చూసి ఏ కోటు ఎవరిదో చెప్పే ఆట ఆడేవాళ్ళం. ఒకదాన్నిండా ఇంగువ, ఒకదాన్నిండా కలరా ఉండలు, ఒకదాంట్లో పెళ్ళానికి తెలియని సిగరెట్టు. సింధు ఎప్పుడూ గెలిచేది.

ప్రతి శనివారం మధ్యాహ్నం మా హాల్లో సినిమా వేసేవారు. నాన్న ఒక మందుల కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాడు గానీ, తాను దారితప్పి ఇంజనీరైన సినీ విమర్శకుణ్ణని ఆయనకి గట్టి నమ్మకం. పబ్లిక్ లైబ్రరీ నుంచి డీవీడీలు తెచ్చేవాడు, అవీ బ్రిటిష్ సినిమాలు మాత్రమే. వాటిలో ఎప్పుడూ వాన, తడిసిన గోడలు, మూతపడ్డ మిల్లు, ఒకరి మొహం ఒకరు చూసుకోని మొగుడూ పెళ్ళాలు, ఆ మధ్యలో హఠాత్తుగా పకపకా నవ్వించే ఒక ఘోరం. ఆ ఇంగ్లిషు మా పెద్దవాళ్ళకీ అర్థమయ్యేది కాదు, అమెరికా బళ్ళో చదివే మాకూ అర్థమయ్యేది కాదు. అందరూ కింద వచ్చే అక్షరాలు చదువుకుని నవ్వేవారు, నాన్న మాత్రం తనకి వాటి అవసరం లేదన్నట్టు ఒక క్షణం ముందే నవ్వేవాడు. నవ్వాక చుట్టూ చూసేవాడు.

సినిమా అయ్యాక టీ, టీతోపాటు వాదన. మన సినిమాల్లో ఎవడైనా కిందపడితే వయొలిన్ వాయిస్తారనీ, వాళ్ళ సినిమాల్లో పడినవాడి మీంచి దాటుకుంటూ వెళ్ళిపోతారనీ, బతుకు అలాగే ఉంటుందనీ నాన్న సిద్ధాంతం. "మెర్సీ లేకపోవడమేనయ్యా బ్రిటిష్ హ్యూమర్ బ్యూటీ!" అని తొడమీద చరిచేవాడు. ఆయన్ని కాదనేవాడు ప్రభాకర్ అంకుల్ ఒక్కడే. వరంగల్ మనిషి, నెమ్మదస్తుడు, టీలో బిస్కట్ ముంచి అది విరిగి పడిపోయేదాకా ఆలోచించి అప్పుడు మాట్లాడేవాడు. ఆ సినిమాలు తీసినవాళ్ళకి మనుషులంటే ఎంతో ఇష్టం ఉండబట్టే అంత చేదుగా తీశారని ఆయన అనేవాడు. మిగతావాళ్ళు ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ పక్షం, కాబట్టి ఎప్పుడూ నాన్న పక్షమే.

నాన్న సిద్ధాంతానికి ఒక ఆచారం కూడా ఉండేది. వాదన అయ్యాక, ఆ వారం గుంపులో ఎవరికి ఏ దెబ్బ తగిలిందో చూసి, నాన్న లేచి వాళ్ళని అనుకరించేవాడు. అనుకరించబడ్డవాళ్ళు కూడా నవ్వాలి, అందరికంటే గట్టిగా నవ్వాలి. నవ్వనివాళ్ళు ఆ పూట అందరి కప్పులూ కడగాలి. అది తమాషాకి పెట్టిన రూలు గానీ, పట్టింపు మాత్రం నిజం. నాకు తెలిసి ఆ రోజుల్లో ఒక్కసారి తప్ప ఆ కప్పులు కడిగింది ఎప్పుడూ అమ్మే. ఆవిడ డ్రైవింగ్ టెస్ట్ ఫెయిలైన వారం, నాన్న సోఫాలో కూర్చుని గాల్లో స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, కళ్ళు మిటకరించి, "సారీ సార్, స్టాప్ సైన్ కనబడింది సార్, నా కాలికే చెప్పలేదు సార్" అని అమ్మ గొంతుతో అన్నాడు. హాలంతా ఊగిపోయింది. అమ్మ పళ్ళెంలోకి కప్పులు సర్దడం మొదలుపెట్టింది. "వదినగారికి సెన్స్ ఆఫ్ హ్యూమర్ లేదండీ పాపం" అన్నారెవరో, ఆ మాట ఆవిడ పేరుకి అతుక్కుపోయింది. నాకు తెలుగు అక్షరాలు దిద్దించిన మనిషి, కథ చదువుతూ తనే ముందు నవ్వి చదవడం ఆపేసే మనిషి.

ఒక ఫిబ్రవరి శనివారం నాన్న వేసిన సినిమాలో ఒక ముసలాయన భార్యని పాతిపెడుతుంటాడు. వాన. అంత్యక్రియల కోసమే కట్టించుకున్న కొత్త పళ్ళ సెట్టు, ప్రార్థన మధ్యలో నోట్లోంచి జారి గోతిలో పడుతుంది. వచ్చినవాళ్ళంతా నవ్వు ఆపుకోలేక రుమాళ్ళు అడ్డం పెట్టుకుంటారు. ముసలాయన బురదలో జారుతూ గోతిలోకి దిగుతాడు, పళ్ళు దొరుకుతాయి, తుడుచుకుని పెట్టుకుంటాడు, కానీ పైకి ఎక్కడు. పెట్టె పక్కన కూర్చుండిపోతాడు. మా హాల్లో నవ్వు ఇంకా ఆగలేదు. ప్రభాకర్ అంకుల్ ఒక్కడూ నవ్వడం లేదు.

"పళ్ళు దొరికినా ఎక్కట్లేదు చూడు, అదీ టైమింగ్!" అన్నాడు నాన్న.

"కెమెరా గూడ గోతిల దిగింది అన్నా," అన్నాడు అంకుల్. "ఆయన పక్కన కూసున్నది. మీరే గట్టు మీద నిలబడి నవ్వుతున్నరు."

ఇంతకాలంలో ఎవరూ నాన్నని మాటతో కొట్టలేదు, అదీ ఆయన హాల్లో, ఆయన తెచ్చిన సినిమా మీద. నాన్న చిరునవ్వు నవ్వాడు. ఆ చిరునవ్వు నాకిప్పటికీ గిట్టదు.

అంకుల్‌కి ఉద్యోగం పోయి అప్పటికి కొద్దిరోజులే. హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్నవాడికి ఇంకో కంపెనీ త్వరగా దొరక్కపోతే దేశంలో ఉండే వీలు ఉండదు. సింధు వాళ్ళమ్మ, ఆంటీ, ఏడుస్తూ అమ్మకి చెప్పింది, పిల్లకి ఇంకా చెప్పలేదనీ చెప్పింది. అంకుల్ ఇంటర్వ్యూ ఫోన్లు సింధు వినకుండా మెట్ల కిందకి వచ్చి మాట్లాడుకునేవాడు, అక్కడ మాట్లాడితే మా వంటగదిలోకి మాట మాట వినబడేది. నాన్న టీవీ రిమోట్ చెవికి ఆనించుకుని లేచి, చొక్కా లోపలికి దోపుకుని, నడుం వంచి ఫోన్‌కే దండాలు పెడుతూ మొదలుపెట్టాడు: "యెస్ సర్, ఐ యామ్ వెరీ ఫ్లెక్సిబుల్ సర్, ఎనీ సిటీ సర్, ఎనీ స్నో సర్. ప్రభాకర్ ఈజ్ డిఫికల్టా సర్? కాల్ మి బాబ్ సర్, కాల్ మి ఎనీథింగ్ సర్!"

బాగా చేశాడు. అదే ఘోరం, చాలా బాగా చేశాడు. వంగినప్పుడల్లా జారే కళ్ళజోడుని అంకుల్ వేలితో ఎలా తోసుకుంటాడో అది కూడా వదల్లేదు. అందరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. రూలు ప్రకారం ఆంటీ కూడా నవ్వింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. ఆ గోలకి నేనూ సింధూ కోట్ల కింద నుంచి బయటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాం.

"డాడీ, నీకు జాబ్ లేదా?" అంది సింధు.

అంకుల్ ఆ పిల్లకేసి చూశాడు. చొక్కా చేతులు మడుచుకుని, బల్ల మీద కప్పులన్నీ ఒక్కొక్కటే ఏరి పళ్ళెంలో పెట్టుకుని వంటగదిలోకి నడిచాడు. అమ్మ వెనకే పరుగెత్తింది. "వదిలేయండి అన్నయ్యగారూ, నేను కడుగుతాను, మీ చేతులతో ఏంటండీ ఇది" అంటే, "నేను నవ్వలే గద వదినా" అన్నాడు. నిమ్మకాయ సబ్బు నురగలో ఆయన ఒక్కొక్క కప్పునీ లోపలా బయటా తోమి, కడిగి, బట్టతో తుడిచి, చెవులన్నీ ఒక వైపుకి ఉండేలా గట్టు మీద వరసగా పెట్టాడు. సింధు ఆయన ప్యాంటు పట్టుకుని పక్కనే నిలబడింది. తరవాత ముగ్గురూ తమ కోట్లు తీసుకుని పైకి వెళ్ళిపోయారు.

మంచు కరగకముందే వాళ్ళు ఇండియా వెళ్ళిపోయారు. వెళ్ళే రోజు సింధు కిందికి రాలేదు, నేను పైకి వెళ్తే తలుపు తీయలేదు. తలుపు అవతల నిలబడే ఉంది, కింద సందులోంచి దాని సాక్సులు కనబడుతున్నాయి. నాన్న ఆ శనివారం కూడా సినిమా వేశాడు. "పాపం మంచివాడే, కాస్త నవ్వుకోవడం చేతకాదు" అన్నాడు, అందరూ తలలూపారు. ఆ తలల్ని నేనింతవరకూ క్షమించలేదు.

ఇప్పుడు ఆ హాలు లేదు. ఒక్కొక్కరే ఇళ్ళు కొనుక్కుని దూరంగా వెళ్ళిపోయారు, మేము మాత్రం ప్లెయిన్స్‌బరోలోనే ఇల్లు కొన్నాం. లైబ్రరీలో డీవీడీల బీరువాలు తీసేశారు. జనం వచ్చినా కోట్లు గుమ్మం దగ్గరి గదిలో హ్యాంగర్లకి తగిలిస్తారు, వాటి కింద దూరే పిల్లలు లేరు. ఈ ఏడాది చలికాలం నాన్నకి ముఖంలో నరం దెబ్బతిని ఎడమవైపు మొత్తం వాలిపోయింది. మెల్లగా తగ్గుతుందన్నారు డాక్టర్లు, తగ్గకపోవచ్చని కూడా అన్నారు. చూడ్డానికి వెళ్ళాను. ఆ శనివారం పాతవాళ్ళలో రెండు జంటలు పరామర్శకి వచ్చారు. నాన్న పట్టుబట్టి గోతిలో పళ్ళు పడే సినిమాయే పెట్టించాడు.

సినిమా అయ్యాక టీ తాగుతుంటే నాన్న పెదవి చివరి నుంచి టీ కారి చొక్కా మీద పడింది. అందరూ కిటికీ వైపు చూశారు. అప్పుడు అమ్మ లేచి హాలు మధ్యకి వచ్చింది. అన్నేళ్ళలో ఏనాడూ ఎవరినీ అనుకరించని మనిషి, మూతి ఒక పక్కకి వేలాడేసి, ఒక కన్ను సగం మూసి, తొడమీద చరుచుకుని, "నెర్సీ లేకహోవడనేనయ్యా గ్రిటిష్ హ్యూనర్ గ్యూటీ!" అంది. అచ్చం నాన్నే. వచ్చినవాళ్ళు ఆపుకోలేకపోయారు, పాత అలవాటు, పగలబడి నవ్వి ఆ తరవాత నాలిక కరుచుకున్నారు. నాకు జాలీ వేసింది, సంతోషమూ వేసింది. ముందు వేసింది మాత్రం సంతోషమే.

నాన్న నవ్వబోయాడు. కుడివైపు కాస్త లేచింది, ఎడమవైపు కదల్లేదు, అది నవ్వులా లేదు. అమ్మ ఆయన మొహంలోకి తీరిగ్గా చూసి, కప్పుల పళ్ళెం తెచ్చి ఒళ్ళో పెట్టింది.

"నవ్వలేదు కదండీ. లేవండి."

ఆయన లేచాడు. వంటగదిలో నీళ్ళు పడుతున్న చప్పుడు, నిమ్మకాయ వాసన. ఎవరమూ వెనక వెళ్ళలేదు. అమ్మ సోఫాలో కూర్చుని తన టీ ఆఖరి గుక్క దాకా తాగి, ఆ కప్పు కూడా తీసుకెళ్ళి ఆయన చేతుల మధ్య సబ్బునీళ్ళలో వదిలింది. నాన్న తలెత్తకుండా, సగం నోటితో మాటలు కూడదీసుకుని అడిగాడు.

"ప్రభాకర్... ఆ రోజు... అన్నీ కడిగాడా?"

"అన్నీ కడిగాడు," అంది అమ్మ, బట్ట ఆయన భుజమ్మీద వేస్తూ. "తుడిచి కూడా పెట్టాడు. తుడవండి."