తీసేసిన కంచం

కెనడాలోని గ్వెల్ఫ్‌లో చదివే రోజుల్లో, టొరంటో బస్సులో నా పక్కన కూర్చున్న తెల్లావిడ శాండ్‌విచ్ విప్పి కూడా తినలేదు. నేను పులిహోర డబ్బా తెరిచాకే కొరికింది.

"మా మతగురువు శిబిరంలో అందరూ కూర్చుంటేనే తినేవాళ్లం," అంది. ఆవిడ చిన్నప్పుడు అమెరికాలో ఆ శిబిరాన్ని ఫెడరల్ ఏజెంట్లు తుపాకులతో చుట్టుముడితే, వాళ్లమ్మ ఈవిడనొక్కదాన్నే బయటికి పంపేసిందట. లోపలున్నవాళ్లెవరూ బతకలేదు.

"నేను గుమ్మం దాటకముందే బల్ల మీంచి నా కంచం తీసేశారు. అక్కని మాత్రం ఉంచుకున్నారు," అంది, ఇప్పటికీ ఉక్రోషంగా.

జాలి పడాల్సింది పోయి నాకు కుళ్లు పుట్టింది. అంతలో రూమ్మేట్ మెసేజ్ వచ్చింది: "మేం తినేశాం బ్రో, నువ్వు బయటే తినేసెయ్."

మేం ఆరుగురం ఉండే ఆ బేస్‌మెంట్‌లో, తీసేయడానికైనా నాకంటూ ఒక కంచం లేదు.